అమ్మ సైజు బోర్డు

మా తమ్ముడి కూతురు అనఘ థాంక్స్‌గివింగ్ సెలవులకి జెర్సీ సిటీ నుంచి క్యారీలోని మా ఇంటికి వచ్చింది. ఆఫీసు, రైలు, మళ్ళీ ఆఫీసు అంటూ అలిసిపోయిన పిల్ల, నాలుగు రోజులు హాయిగా పడుకుంటుందనుకుంటే మర్నాడు పొద్దున్నే మా గరాజ్ మీద పడింది. అమ్మ ఫిబ్రవరిలో పోయింది. ఆవిడ సామాను సర్దడానికి నాకు చేతులు రాక అలాగే వదిలేశాను. అనఘకి అలాంటి మొహమాటాలేం లేవు. ఒక్కొక్కటే బయటికి లాగుతూ, "అత్తా, ఇది కీప్ చేస్తావా, డొనేట్ చేస్తావా?" అని అక్కడినుంచే అడుగుతోంది. నేను ఉప్మాలో గరిటె తిప్పుతూ వంటింట్లోంచే జవాబులు చెబుతున్నాను. కాసేపటికి ప్రశ్నలు ఆగిపోయాయి. పిల్ల ఏ పెట్టె కింద పడిందోనని పొయ్యి కట్టేసి వెళ్ళి చూస్తే, పాత దుప్పటి ఒకటి విప్పి పక్కన పారేసి, అందులోంచి తీసిన, మంచు మీద నిలబడి జారే స్నోబోర్డుని గోడకి ఆనించి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"ఇది నీ స్నోబోర్డా అత్తా? సో కూల్. మా అపార్ట్‌మెంట్ వాల్‌కి హ్యాంగ్ చేస్తే సూపర్‌గా ఉంటుంది."

"నాది కాదు. మీ నాయనమ్మది."

"నో వే. నాయనమ్మ ఎప్పుడూ శారీలోనే ఉండేది కదా."

ఉండేది. దాని కళ్ళకి మా అమ్మ పుట్టడమే నేత చీరలో, కళ్ళజోడుతో పుట్టింది. డిసెంబరులో స్నేహితులతో మంచుకొండలకి వెళ్తున్నానని, తనకీ ఒక బోర్డు కొనుక్కోవాలని అనఘ ఫోన్ తీసి చూపించింది. అందులో ఎత్తు, బరువు, బూటు సైజు, ఎలాంటి మంచు మీద తిరుగుతావు, ఎన్నాళ్ళుగా నేర్చుకుంటున్నావు అని వరసగా అడిగి, చివరికి ఒక అంకె చెబుతుందట. పెళ్ళిసంబంధం చూసినట్టు ఇన్ని వివరాలేమిటే అన్నాను. మా రోజుల్లో కొలత ఒక్కటే ఉండేది. బోర్డుని ఎదురుగా నిలబెడితే గడ్డం దాకా రావాలి. మనిషి సన్నంగా ఉంటే ఇంకో రెండు వేళ్ళు తగ్గించుకోవాలి. అంతే. ఆ ఒక్క కొలత దగ్గరే మా ఇంట్లో ఒక చలికాలమంతా యుద్ధం నడిచింది.

మా నాన్న వెర్మాంట్‌లో ఒక కాగితం మిల్లులో ఇంజినీరు. తెనాలి నుంచి అమ్మనీ నన్నూ తీసుకొచ్చి ఆ మంచులో దింపేనాటికి నేను రెండో తరగతి పిల్లని. తమ్ముడు అక్కడికి వెళ్ళాక పుట్టాడు. మాది ఊరి చివర అద్దె ఇల్లు. ఇంటి వెనకే చిన్న దిబ్బ, దాని వెనక చెట్లు, ఆ చెట్ల మీదుగా దూరంగా స్కీయింగ్ కొండ. ఇల్లంతా వేడినీళ్ళు పారే ఇనుప గొట్టాల వేడి, తిరగమోత వాసన, ఆ గొట్టాల మీద ఆరేసిన ఉన్ని మేజోళ్ళ వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ తడి ఉన్ని వాసన తగిలితే నాకు చారు అన్నం తినాలనిపిస్తుంది. చెబితే మా ఆయన నవ్వుతాడు.

ఆ ఇంట్లో పిల్లలకి ఏది కొన్నా పెద్ద సైజే. ఇది మా నాన్న శాసనం. కోటు కొంటే చేతులు రెండు మడతలు పెట్టాలి, బూట్లు కొంటే ముందు భాగంలో దూది కుక్కాలి. "ఎదిగే పిల్ల. రెండేళ్ళు వస్తుంది," అనేవాడు. ఆ మాట ఆయన నోట ఎంత గట్టిగా అతుక్కుపోయిందంటే, నాకు కళ్ళజోడు కొన్నప్పుడు కూడా అదే అన్నాడు. తీరా ఆ కోటు నాకు సరిపోయే వేళకి మోచేతుల దగ్గర చిరుగులు పడేవి. నాకు కచ్చితంగా సరిపోయిన బట్ట ఒక్కటీ వేసుకున్న గుర్తు లేదు. అప్పట్లో నా బాధే పెద్ద బాధ అనుకునేదాన్ని. అమ్మ సంగతి నాకు తట్టలేదు. అమ్మ పొడుగు మనిషి, నాన్నకంటే బెత్తెడు ఎక్కువే. చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ చీలమండ పైకే ఉండేవి. ఆవిడ కోటు నాన్న పాత కోటు, ఆవిడ బూట్లు మిల్లులో ఎవరి భార్యో ఇచ్చినవి. ఆవిడకని కొలిచి కొన్న వస్తువు ఈ దేశంలో ఒక్కటీ లేదు.

పైగా అమ్మకి మంచంటే హడలు. వెళ్ళిన మొదటి చలికాలమే మెట్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత మొదటి మంచు పడింది మొదలు అది కరిగేదాకా, నాన్న చెయ్యి పట్టుకుని కారు దాకా నడవడమే తప్ప ఇంకో అడుగు బయటపెట్టేది కాదు. కిటికీ దగ్గర నిలబడి, "ఈ ఊరికి ఎండాకాలం రాదేంటే పద్దూ," అని నన్ను అడిగేది, అదేదో నా చేతిలో ఉన్నట్టు. పద్దు అంటే నేనే, పద్మజని.

నేను హైస్కూల్లో చేరిన ఏడాది మా కొండ మీదికి స్నోబోర్డులని రానిచ్చారు. అంతకు ముందు రెండు కాళ్ళకీ విడివిడిగా కట్టుకునే స్కీలే, బోర్డు కనిపిస్తే తరిమేసేవారు. రానిచ్చారు గానీ ఒక మెలిక పెట్టారు. బోర్డు తెచ్చినవాళ్ళు ముందు పరీక్ష ఇవ్వాలి. కుడివైపుకీ ఎడమవైపుకీ తిరగాలి, చెప్పిన చోట ఆగాలి. అలా చేస్తే ఒక కార్డు ఇస్తారు, అది ఉంటేనే పైకి ఎక్కనిస్తారు. క్లాసులో సగంమంది జేబుల్లో ఆ కార్డులు వచ్చేశాయి. నేను ఇంట్లో అన్నం మానేశాను. మాట్లాడటం కూడా మానేశాను, అది ఇంకా బాగా పనిచేసింది. చివరికి నాన్న నన్ను కొండ కింద ఉన్న దుకాణానికి తీసుకెళ్ళాడు.

ఆ దుకాణం నడిపే రాన్, నా ముందు ఒక బోర్డు నిలబెట్టి, గడ్డం దగ్గరికి వచ్చిందని చూపించి, ఇదే సరైనది అన్నాడు. నాన్న దాన్ని ఎగాదిగా చూసి పక్కనున్న పొడుగాటి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. అది నా నెత్తి మీద ఇంకో బెత్తెడు ఉంది.

"ఇది తిప్పడం పాప వల్ల కాదండీ," అన్నాడు రాన్ ఇంగ్లీషులో.

"షి ఈజ్ గ్రోయింగ్," అన్నాడు నాన్న.

రాన్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. వద్దంటే ఉన్నది కూడా పోతుందని నా భయం. కారు ఎక్కాక నాన్న సంతోషంగా, "రెండేళ్ళు వస్తుంది," అన్నాడు.

ఆదివారం పరీక్షకి వెళ్ళాను. పరీక్ష పెట్టేది కూడా ఆ రాన్. ఆ బోర్డు నా కాళ్ళ కింద రైలు పెట్టెలాగా తిన్నగా పోయిందే గానీ ఎటూ తిరగలేదు. నేను ఎంత వంగినా, ఎంత మెలికలు తిరిగినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. పోయి పోయి కింద కట్టిన వలలో చిక్కుకున్నాను. నా క్లాసువాళ్ళు వచ్చి వలలోంచి లాగారు. నేను అమెరికా వచ్చాక అంత సిగ్గుపడింది లేదు.

ఆ సాయంత్రం నేను బోర్డుని హాల్లో పడేసి ఏడుస్తూంటే నాన్న కుర్చీలోంచి ఓదార్చాడు. "పొరపాటేం లేదమ్మా. రెండేళ్ళు ఆగు, అదే సరిపోతుంది. మళ్ళీ ఇంకోటి కొంటే ఇది వేస్టు కాదూ?"

అమ్మ వంటింట్లో బజ్జీలు వేస్తోంది. మాటలన్నీ వింటూనే ఉంది. స్టవ్ కట్టేసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేల మీద ఉన్న బోర్డుని ఎత్తి తన ఎదురుగా నిలబెట్టుకుంది. దాని అంచు సరిగ్గా ఆవిడ గడ్డం కింద ఆగింది.

"వేస్టు అవ్వదులెండి," అంది. "ఇది నా సైజు. నేను ఉంచుకుంటాను. దానికి దాని సైజుది కొనండి."

నాన్న నవ్విన నవ్వుకి నోట్లో ఉన్న బజ్జీ గొంతుకి అడ్డంపడింది. "నువ్వా? ఐసు కనిపిస్తే మెట్టు దిగవు, నువ్వు కొండ దిగుతావా?"

అమ్మ ఆ మాట నాన్న నోరు మూయించడానికే అన్నదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నాలుగు నవ్వులతో అయిపోవాల్సిన సంగతి. కానీ నాన్న ఆపలేదు. మరీ పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మ మొహం ఎర్రబడింది. "ఎందుకు దిగను?" అంది.

"అయితే సరే. దీనికి ఇంకోటి కొంటాను. కానీ చలికాలం అయ్యేలోపు ఇద్దరికీ కార్డు రావాలి. ఏ ఒక్కరికి రాకపోయినా రెండు బోర్డులూ అమ్మేస్తాను. ఒప్పందమేనా?"

"సరేనండి," అంది అమ్మ, బజ్జీల దగ్గరికి వెళ్ళిపోతూ. నా బోర్డు బతకాలంటే మెట్లు దిగడానికే భయపడే మా అమ్మ కొండ దిగాలి.

రాన్ దగ్గర ఎవరో వాడి ఇచ్చేసిన చిన్న బోర్డు దొరికింది. దాని మీద నిలబడగానే నాకు తేడా తెలిసింది. మడమ నొక్కితే ఇటు, వేళ్ళు నొక్కితే అటు. చెప్పినట్టు వినే వస్తువు నా జీవితంలో అదే మొదటిది. తర్వాతి ఆదివారమే నాకు కార్డు వచ్చింది. దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, రోజూ అమ్మని దాని ముందుకి తీసుకెళ్ళి చూపించేదాన్ని, పరీక్షలకి చదవని పిల్లకి చూపించినట్టు.

అమ్మ చదువు మా ఇంటి వెనక దిబ్బ మీద సాగింది. నాన్న పాత ప్యాంటు, దాని మీద రెండు స్వెటర్లు, నుదుట బొట్టు. మొదటి రోజు బోర్డు మీద నిలబడి నా భుజం వదల్లేదు. రెండో రోజు వదిలింది, పడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పడిందో నేను లెక్కపెట్టలేదు. విచిత్రమేమిటంటే, పడగా పడగా ఆవిడకి భయం పోయింది. "కావాలని పడితే దెబ్బ తగలదే," అని నాకే పాఠం చెప్పింది. ఒక సాయంత్రం ఇంట్లోకి రాకుండా ఆ మంచులోనే వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ ఉండిపోయింది. నేను కంగారుపడి పరిగెత్తితే, "ఉండవే, బాగుంది," అంది.

బోర్డుని చూసుకోవడంలో మాత్రం ఆవిడ నాకు నేర్పింది గానీ నేను ఆవిడకి కాదు. నేను తడి బోర్డుని మూలన పారేసి వెళ్ళేదాన్ని. అమ్మ ఊరుకునేది కాదు. బోర్డు అంచులకి ఉక్కు పట్టీ ఉంటుంది, తడి ఆరకపోతే ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. ఆవిడ పాత తువ్వాలు పెట్టి అంచు వెంబడి తుడిచి, వేడి గొట్టాలకి దూరంగా వార్తాపత్రిక మీద పెట్టేది. అంచు మొద్దుబారిందా లేదా అని బొటనవేలి గోరు దాని మీద అడ్డంగా గీసి చూసేది. గోటి పొట్టు లేస్తే సరే, లేకపోతే ఆకురాయి తీసేది. తెనాలిలో కత్తిపీట పదును పెట్టుకున్న చెయ్యి అది. అడుగున మైనం పట్టించాలని రాన్ చెప్పి మైనం కడ్డీ ఇచ్చాడు. అమ్మ ఇస్త్రీపెట్టె వేడెక్కించి, దోసె పెనం మీద చల్లినట్టు దాని మీద నీళ్ళు చిలకరించింది. చుయ్యిమంది. ఇంక చాలనుకుని మైనం ఆనించింది. ఇల్లంతా పొగ, గోడ మీద అలారం మోత, నాన్న బాత్‌రూమ్ లోంచి సబ్బు నురగతో బయటికి పరుగు. అప్పుడు తెలిసింది, మైనానికి దోసె వేడి కూడదని. మైనం కరగాలి గానీ పొగ రాకూడదు. ఆ మర్నాడు అదే పెట్టెతో నాన్న ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసింది. వీపంతా మైనం మరక. ఆ తర్వాత ఎవరో పాత సామాను అమ్ముతుంటే ఇంకో ఇస్త్రీపెట్టె కొని తెచ్చి, దాని మీద పసుపు బొట్టు పెట్టి, "ఇది బోర్డుది. ఎవరూ ముట్టుకోవద్దు," అని ప్రకటించింది. మైనాన్ని పల్చగా పట్టించి, ఆరనిచ్చి, కొబ్బరి కోరినట్టు గీకేసేది. బోర్డు అడుగున మొహం కనిపించేది.

ఇంత చేసీ అమ్మ మొదటి పరీక్ష తప్పింది. ఎడమవైపు చక్కగా తిరిగింది, కుడివైపు తిరగమంటే కూర్చుండిపోయింది. నాన్న కింద నిలబడి చూశాడు. ఇంటికి వచ్చేటప్పుడు పాపం ఏమీ అనలేదు, అది ఇంకా ఘోరంగా ఉంది. ఆ రాత్రి అన్నాల దగ్గర నాకు ఒక అనుమానం వచ్చింది. అమ్మ గిన్నెలు సర్దుతుంటే వెనకనుంచి మెల్లిగా తోశాను. పడిపోకుండా ఆవిడ ఎడమకాలు ముందుకి వేసింది. ఇంకోసారి తోశాను. మళ్ళీ ఎడమకాలే. మనిషి తూలితే ఏ కాలు ముందుకి వేస్తాడో బోర్డు మీద ఆ కాలే ముందుండాలి. అమ్మ బోర్డుకి కాలిపట్టీలు కుడికాలు ముందుండేటట్టు ఉన్నాయి.

"కుడికాలు ఎవరు పెట్టమన్నారమ్మా?"

"కొత్తది కదే. కుడికాలే కదా ముందు పెట్టేది," అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"అమ్మా, నువ్వేం అత్తారింటికి పోవట్లేదు. కొండ దిగుతున్నావు."

ససేమిరా అంది. మొదలుపెట్టేటప్పుడు ఎడమకాలు ముందు పెడితే మంచిది కాదంది. చివరికి ఇద్దరం రాజీకి వచ్చాం. స్క్రూలు విప్పి పట్టీలు తిప్పి బిగించాం. అమ్మ ముందుగా కుడికాలు బోర్డు మీద ఒక్కసారి ఆనించి, తీసేసి, ఆ తర్వాతే ఎడమకాలు పట్టీలో పెట్టేది. బోర్డు ఎక్కినంతకాలం ఆ పద్ధతి మానలేదు. అది చూసి కొండ మీద ఒకరిద్దరు పిల్లలు కూడా అలాగే చెయ్యడం మొదలుపెట్టారు, అదేదో కిటుకు అనుకుని.

ఆ చలికాలానికి కొండ మూసేసే ఆదివారం వచ్చింది. ఎండ కాస్తోంది, మంచు తడిసి ముద్దలా ఉంది. అలాంటి మంచు బోర్డుకి అంటుకుని పట్టి లాగుతుంది. స్కీలవాళ్ళు సైతం మధ్యలో ఆగిపోయి కాళ్ళు ఈడ్చుకుంటున్నారు. అమ్మ ముందురోజే కొత్తగా మైనం పట్టించింది. పైన నిలబడి కుడికాలు ఆనించి, తీసి, ఎడమకాలు బిగించింది. నేను కింద నాన్న పక్కన నిలబడ్డాను. నాకు చూడాలనీ ఉంది, కళ్ళు మూసుకోవాలనీ ఉంది. అమ్మ కదిలింది. ఎడమవైపు తిరిగింది. నాన్న చేతిలో కాఫీ ఫ్లాస్కు అలాగే ఉండిపోయింది. కుడివైపుకి రావాల్సిన చోట ఒక్క క్షణం తడబడి, పొడుగాటి మనిషి కొంచెం వంగి, కుడివైపుకి వచ్చింది. రాన్ చెయ్యి ఎత్తిన చోట ఆగింది. కూర్చోలేదు. నిలబడే ఆగింది.

నేను ఏడ్చేశాను. నాన్న ఫ్లాస్కు మూత తీసి, కాఫీ పోసి, అమ్మ వచ్చేదాకా ఆ మూత రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ తాగి, "చక్కెర తక్కువైందండీ," అంది. కార్డు మీద అంటించిన ఫొటోలో ఆవిడ బొట్టు టోపీ అంచు కింద సగమే కనిపించేది.

ఆ తర్వాత నేను కాలేజీకి వెళ్ళాను, బోర్డు మానేశాను. అమ్మ మానలేదు. మోకాళ్ళు మొరాయించేదాకా ప్రతి చలికాలం ఎక్కింది. అన్నట్టు, నేను ఆ బోర్డుకి సరిపోయేంత ఎప్పుడూ ఎదగలేదు. నాది నాన్న పోలిక. ఆయన మాత్రం వచ్చినవాళ్ళందరికీ, "ఈ బోర్డు ఆవిడ కోసం నేనే చూసి కొన్నాను," అని చెప్పుకునేవాడు. అమ్మ అడ్డు చెప్పేది కాదు. నాన్న రిటైరయ్యాక ఇద్దరూ క్యారీ వచ్చి మాతో ఉన్నారు. ఇక్కడ మంచు పడితే పడినట్టు, లేకపోతే లేదు. అయినా అమ్మ మార్చి నెలాఖరులో బోర్డు అడుగున మైనం పట్టించి గీకకుండా దుప్పటి చుట్టేది. వేసవంతా బోర్డు ఎండిపోకుండా అది కాపాడుతుంది. డిసెంబరు రాగానే ఆ మైనం గీకేసి శుభ్రం చేసేది. ఎవరు ఎక్కుతారని చేస్తున్నావమ్మా అంటే, "ఎక్కేవాళ్ళు లేరని కత్తిపీట తుప్పు పట్టనిస్తామా?" అనేది. పోయిన డిసెంబరులో కూడా కుర్చీ వేసుకుని కూర్చుని గీకింది. నాన్న ఇన్నేళ్ళలో ఆ ఇస్త్రీపెట్టెని ఒక్కనాడు ముట్టుకున్న పాపాన పోలేదు.

ఇదంతా అనఘకి చెప్పేసరికి ఉప్మా చల్లారిపోయింది. ఇప్పుడు దానికి ఫోన్ ఒక అంకె చెబుతుంది, పెట్టె ఇంటి గుమ్మం దగ్గరికి వస్తుంది, మైనం దుకాణం వాడే పూస్తాడు. మంచిదే. సరిపోయే వస్తువు కోసం ఎవరూ అన్నం మానక్కర్లేదు. నేను అలా అనుకుంటూ ఉండగానే అనఘ బోర్డుని ఇటు తిప్పింది.

"అత్తా, బ్యాక్‌సైడ్ ఏంటి ఇలా ఉంది? క్యాండిల్ మెల్ట్ అయినట్టు."

దగ్గరికెళ్ళి చూశాను. అడుగంతా మైనమే. ఒక చోట గడ్డ, ఒక చోట గుంట, ఇస్త్రీపెట్టె మొన దిగబడిన గుర్తులు, అంచుల మీదుగా కారి గడ్డకట్టిన చుక్కలు. అమ్మ పట్టిస్తే అద్దంలా ఉండేది. అయినా అమ్మ డిసెంబరులో గీకేసి ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. మార్చి నెలాఖరుకి ఆవిడ లేదు. నేను ఈ గరాజ్‌లోకి వచ్చి ఈ దుప్పటి విప్పలేదు.

నాన్న ఇంట్లోకి వెళ్ళే తలుపు దగ్గర చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"నాన్నా, ఇది నువ్వు పట్టించావా?"

"మార్చి వచ్చింది కదా మరి," అన్నాడు. "ఎవరూ చూసుకోలేదు."

వేలితో ఆ గడ్డల మీద రాసి చూశాను. "చాలా ఎక్కువైంది నాన్నా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

ఆయన నెమ్మదిగా దగ్గరికి వచ్చి, కర్ర నాకిచ్చి, బోర్డు అంచు మీద చెయ్యి వేశాడు. "తెలుసు. కాస్త దట్టంగానే వేశాను," అన్నాడు. "రెండేళ్ళు వస్తుందని."